జాతకము పెట్టెలో ఉన్నది – టీకాల కార్డు ఎక్కడ?

శిశువు జన్మించిన ఘడియ విఘడియలను గడియారము చూచి వ్రాసియుంచుకొనుట మన ఇండ్లలో నేటికిని తప్పని ఆచారము. ఆ కాగితము నాలుగు మూలల పసుపు అంటించుకొని, పట్టుచీరల మడతలలోనో, భూమి దస్తావేజులున్న ఇనుప పెట్టెలోనో ఇరువది యేండ్లు భద్రముగా ఉండును. పెండ్లి మాటలు వచ్చిననాడు అడిగిన క్షణమున బయటికి వచ్చును. అదే శిశువునకు పుట్టిన దినము మొదలు వేయించిన టీకాల కార్డు ఎక్కడ ఉన్నదని అడిగినచో, తల్లి అత్తగారి వంక చూచును. అత్తగారు కోడలి పుట్టింటి వైపు వ్రేలు చూపును. జాతకమును భద్రపరచుటను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. ఆ శ్రద్ధలో సగపాలైనను ఈ కార్డునకు దక్కవలెనని మాత్రమే నా వాదము.

ఆయుర్వేదమునందును గృహవైద్యమునందును విశ్వాసము గల కుటుంబములలో ఈ విషయము మరికొంత చిక్కుపడియున్నది. టీకాలు బొత్తిగా వద్దనువారు వీరిలో కొందరున్నారు. వారి సంఖ్య తక్కువ. వేయించియు, అది ఎవరో వచ్చి జరిపిపోయిన తంతుగా తలచి, కాగితమును అశ్రద్ధ చేయువారు చాల ఎక్కువ. మొదటివారితో వాదించుటకు పలువురు ఉన్నారు. రెండవవారితో మాట్లాడువారే లేరు. అయినను మొదటివారి మాటకు సమాధానము చెప్పక రెండవవారి వద్దకు పోవుట న్యాయము కాదు.

"మేము ప్రతి పుష్యమీ నక్షత్రమునాడు బిడ్డకు స్వర్ణప్రాశనము చేయించుచున్నాము, ఇక టీకాలతో పని యేమి?" అని వారు అడుగుదురు. కాశ్యప సంహితలోని లేహాధ్యాయము సువర్ణమును తేనెతోను నేతితోను అరగదీసి శిశువునకు నాకించుట చెప్పినది. అది మేధను, అగ్నిని, బలమును వృద్ధిచేయునని, వ్యాధుల పీడను దూరము చేయునని ప్రశంసించినది. ఇది శాస్త్రమునందు ఉన్న మాటయే. కాని కంఠసర్పిని గాని, పురిటి ధనుర్వాతమును గాని, పోలియోను గాని స్వర్ణప్రాశనము అడ్డగించునని నేటివరకు ఎవరును నిరూపించలేదు. బలమునిచ్చుట వేరు, ఒక నిర్దిష్టమైన వ్యాధికి ఎదురుగా దేహమును సిద్ధపరచుట వేరు. ఈ భేదమును మన శాస్త్రజ్ఞులే గుర్తించిరి. చరకుడు సూత్రస్థానములో వ్యాధిక్షమత్వమను మాటను వాడగా, వ్యాఖ్యాతయైన చక్రపాణి దానిని రెండు విధములుగా విడదీసి చెప్పెను: వచ్చిన వ్యాధి బలమును ఎదిరించుట ఒకటి, వ్యాధి పుట్టుకనే నిరోధించుట మరియొకటి. మంచి ఆహారము, తల్లిపాలు, అభ్యంగము, నిద్ర మొదటిదానికి చేయూత. టీకా పని రెండవదానియందు. ఈ రెండింటికిని తగవు పెట్టుట శాస్త్రము తెలిసినవారు చేయు పని కాదు.

ఇంకొక మాట కూడ కలదు. చరక సంహిత విమానస్థానములో జనపదోద్ధ్వంసమను అధ్యాయము ఉన్నది. ప్రకృతి, ఆహారము, బలము, వయస్సు వేర్వేరుగా గల జనులు ఒకేసారి ఒకే వ్యాధితో ఎట్లు నశించుదురని శిష్యుడు అడిగిన ప్రశ్నకు, వాయువు, ఉదకము, దేశము, కాలము అందరికిని ఉమ్మడివి గనుక అవి చెడినపుడు అందరును బాధపడుదురని ఆత్రేయుడు సమాధానమిచ్చెను. అనగా మా బిడ్డ బలిష్ఠుడు, మా యింట ఆచారము ఉన్నది, మాకు ఏమియు కాదు అను ధీమా ఉమ్మడి వ్యాధుల యెదుట నిలువదని రెండువేల ఏండ్లనాటి గ్రంథమే చెప్పుచున్నది. తట్టు సోకిన ఒక పిల్లవాడు కూర్చుండి లేచిపోయిన గదిలో ఆ వ్యాధికారకము రెండు గంటల వరకు గాలిలో నిలిచియుండగలదు. ఆ గదిలోనికి తరువాత వచ్చు బిడ్డ వాతప్రకృతియా, పిత్తప్రకృతియా అని అది విచారించదు.

టీకా పరదేశపు విద్య యనువారికి కూడ కొంత చరిత్ర చెప్పవలసియున్నది. జెన్నరు 1796లో ఇంగ్లండులో గోమసూచి రసముతో తన ప్రయోగము చేయుటకు ముందే వంగదేశమున టీకాదారులనువారు ఊరూర తిరిగి, మశూచి పొక్కుల రసిని మనుష్యుల చేతిపై గీతలు గీసి ఎక్కించుచుండిరి. హాల్వెల్ అను ఆంగ్ల వైద్యుడు 1767లో ఈ పద్ధతిని వర్ణించి లండనులోని వైద్యులకు నివేదించెను. అది అపాయము లేని పద్ధతి కాదు. ఎక్కించుకొన్నవారిలో కొందరు మరణించుటయు, వారినుండి ఇతరులకు సోకుటయు ఉండెడిది. అందుచేతనే గోమసూచి టీకా దానిని తొలగించినది. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేండ్ల బాలికకు ఆ కొత్త టీకా వేసిరి. మన దేశమున అదియే మొదటిది. 1975 మే నెలలో అస్సాములో కనిపించిన రోగితో మశూచి మన దేశమును విడిచినది. పెద్దమ్మవారి జాతరలు నేటికిని జరుగుచున్నవి. ఆ పేరు పెట్టుకొన్న వ్యాధి మాత్రము లేదు. ఇక స్వదేశమందురా, 1997లో హెపటైటిస్-బి టీకాను మన దేశములో మొట్టమొదట తయారుచేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. చంటిబిడ్డల విరేచనములను నివారించు రోటా టీకాలలో ఒకటి ఆ నగరమున తయారైనదే.

సరే, వాదము ఇంతటితో చాలు. వేయించినవారి సంగతికి వచ్చెదను.

ఔషధము సేవించినవానికి దాని ఫలితము కనబడును. జ్వరము దిగినది, దగ్గు తగ్గినది, ఆకలి పుట్టినది అని తెలిసిపోవును. టీకా ఫలితము కనబడదు. రాని వ్యాధిని ఎవరు చూచినారు? చేతిమీద బి.సి.జి. మచ్చ తప్ప దేహముపై తక్కిన వేటికిని గుర్తు లేదు. ఆ మచ్చయైనను అందరికిని మిగులదు. బి.సి.జి.ని దేశమంతట ఎడమ భుజముపైననే వేయవలెనన్న నియమమునకు ఒక కారణము, తరువాత వచ్చి చూచువారికి అది సులభముగా తెలియవలెననియే. తక్కిన టీకాలకు శరీరము సాక్ష్యము చెప్పదు. సాక్ష్యము చెప్పునది కాగితమే. మన వైద్యులు రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నములను మూడు విధములుగా పరీక్షింపవలెనని నేర్చుకొన్నారు. టీకాల విషయములో దర్శనమునకు, స్పర్శనమునకు ఏమియు చిక్కదు. ప్రశ్న ఒక్కటియే మిగిలినది. దానికి "అన్నియు వేయించితిమండీ" అను సమాధానముతో వైద్యుడు ఏమి చేయగలడు? ఏవి, ఎన్ని, ఎప్పుడు అన్నవి కావలెను. అవ్వ జ్ఞాపకములో "సంక్రాంతికి ముందు ఒకటి, పొలము కోతలప్పుడు ఒకటి" అని ఉండును. సంక్రాంతికి ముందు అనగా ఏ వారమున?

ఈ కార్డు మన ప్రాంతమునందు ఎట్లు పోవుచున్నదో పరిశీలించినచో ఒక సంగతి స్పష్టమగును. మన ఆడపిల్లలు పురిటికి పుట్టింటికి వచ్చెదరు. బిడ్డ అక్కడనే పుట్టును. పుట్టిన ఇరువదినాలుగు గంటలలోపల వేయవలసిన హెపటైటిస్-బి, దానితోపాటు బి.సి.జి., తొలి పోలియో చుక్కలు ఆ ఊరి ఆసుపత్రిలో పడును. ఆరు వారములకు, పది వారములకు ఆ ఊరి నర్సమ్మయే వచ్చి వేయును. ఇక మూడవ నెలనో ఐదవ నెలనో మంచిరోజు చూచి, ఊయల, ఉగ్గుగిన్నె, వెండి మొలత్రాడు, సారె బుట్టలతో తల్లినీ బిడ్డనూ అత్తవారింటికి పంపెదరు. పదునాలుగు వారముల టీకా సరిగ్గా ఆ ప్రయాణపు రోజులలో వచ్చును. బుట్టలో మిఠాయిలు ఎన్ని పెట్టినది పదిమంది లెక్కపెట్టుదురు. కార్డు పెట్టినారా లేదా అని అడుగువారు ఒక్కరును లేరు. అది పుట్టింటి గోడమీది క్యాలెండరు వెనుకనో, ఆసుపత్రి మందుల సంచిలోనో మిగిలిపోవును. అత్తవారి ఊరి ఆరోగ్య కార్యకర్తకు ఈ బిడ్డ కొత్త. పుట్టింటి ఊరి రికార్డులో ఈ బిడ్డ "వెళ్ళిపోయినది". రెండు ఊళ్ళ నడుమ ఒక మోతాదు జారిపోవును, కొన్నిసార్లు బిడ్డయే లెక్కలోనుండి జారిపోవును.

దీనికి ఎవరిని నిందించవలెను? పుట్టింటికి పంపుట మంచి ఆచారమే; బాలెంతకు విశ్రాంతి, పథ్యము, తల్లి చేతి వంట దొరకును. ఆ ఆచారమును అలాగే ఉంచి, సారె బుట్టలో మొదటి వస్తువు ఈ కార్డుగా చేయుట ఎంతమాత్రము కష్టము కాదు.

కూలిపనికై ఏటేట ఊరు విడిచి పోవువారి కష్టము ఇంతకంటె పెద్దది. ఇటుక బట్టీలకు, భవన నిర్మాణములకు, చెరకు కోతలకు కుటుంబముతో తరలిపోవువారు ఆరేడు నెలలు వేరొక జిల్లాలోనో, వేరొక రాష్ట్రములోనో ఉందురు. గుడిసెలోనికి వాన నీరు వచ్చిననాడు మొదట నానునది కాగితమే. చిన్న ప్లాస్టిక్ కవరు ఖర్చు కొద్ది రూపాయలు. మిషన్ ఇంద్రధనుష్ అను కార్యక్రమమును 2014 డిసెంబరులో ఆరంభించినది ఇట్లు విడిపోయిన పిల్లలను వెదకి పట్టుకొనుటకే. దేశములో పన్నెండు నుండి ఇరువదిమూడు నెలల వయస్సు గల పిల్లలలో టీకాలన్నియు పూర్తియైనవారు 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 62 మందియైతే, 2019-21 నాటి సర్వేలో 76 మంది. ఈ లెక్కలో కార్డు చూచి వ్రాసినవియు, తల్లి నోటిమాటపై వ్రాసినవియు కలిసియున్నవని గుర్తుంచుకొనవలెను.

కార్డు లేకున్న నష్టమేమని అడుగువారికి ఒక సామాన్యమైన ఉదాహరణము. ఎనిమిదేండ్ల పిల్లవాడు పశువుల కొట్టమువద్ద త్రుప్పుపట్టిన మేకు త్రొక్కెను. ధనుర్వాత బీజములు మట్టిలోను పేడలోను ఉండునని అందరికిని తెలియును. ఆసుపత్రిలో వైద్యుడు అడుగునది రెండే ప్రశ్నలు: ఇంతకు ముందు ధనుర్వాత టీకా కనీసము మూడు మోతాదులు పూర్తియైనవా? చివరి మోతాదు వేసి ఎన్నేండ్లైనది? సమాధానము కాగితముపై ఉన్నచో, కొన్నిసార్లు ఏ సూదియు అక్కరలేదు, కొన్నిసార్లు ఒక్కటి చాలును. సమాధానము లేనిచో, మురికి గాయమునకు టీకాతోపాటు ధనుర్వాత విరుగుడైన ఇమ్యునోగ్లోబులిన్ కూడ ఇవ్వవలసివచ్చును. అది ఖరీదైనది, అన్నిచోట్ల దొరకదు. ప్రతి గాయమునకు ఒక సూది వేయించుకొనుచు పోయినవారికి ఆ చోట వాపు, నొప్పి అధికమగుటయు కలదు.

ధనుర్వాతమునకు మరియొక విశేషమున్నది. ఇతర వ్యాధులవలె ఒకసారి వచ్చిపోయినవానికి రక్షణ మిగులదు. చుట్టుప్రక్కలవారందరును టీకా వేయించుకొన్నను నీకు రక్షణ లేదు. ఎవరి టీకా వారిది. పూర్వము బొడ్డు కోసిన చోట పేడయు బూడిదయు అద్దిన ఇండ్లలో మొదటి పదిహేను రోజులలో బిడ్డ పాలు మానివేసి, బిగుసుకొనిపోయి మరణించెడిది. అట్టి పురిటి ధనుర్వాతము మన దేశములో నిర్మూలనస్థాయికి వచ్చినదని 2015లో ధ్రువీకరించిరి. గర్భిణులకు వేయు టీకాయే దానికి ప్రధానమైన కారణములలో ఒకటి. అదియు ఈ కార్డులోనే నమోదగును. ఇది తల్లీబిడ్డల ఉమ్మడి కార్డు; బిడ్డదని మాత్రమే తలచి తల్లి తన పుటను చూచుకొనకపోవుట తరచుగా జరుగుచున్నది.

అన్నిటికంటె ఎక్కువగా మరచిపోబడునవి పెద్ద మోతాదులు. తొమ్మిది నెలలు నిండినపుడు తట్టు-రుబెల్లా టీకా వేయించగనే "ఇక అయిపోయినవి" అని కార్డును అటకమీద పెట్టుదురు. అయిపోలేదు. పదునారు నుండి ఇరువదినాలుగు నెలల నడుమ తట్టు-రుబెల్లా రెండవ మోతాదు, కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతములకు కలిపి ఇచ్చు బలవర్ధక మోతాదు, పోలియో చుక్కలు ఉన్నవి. ఐదారేండ్ల వయస్సులో మరల ఒకటి, పదియవ ఏట ఒకటి, పదునారవ ఏట ఒకటి ఉన్నవి. కంఠసర్పి రక్షణ కాలక్రమమున సన్నగిల్లును. బలవర్ధక మోతాదులు తప్పిన పిల్లలు పాఠశాల వయస్సుకు వచ్చుసరికి మరల దానికి చిక్కుదురు. మన దేశములో ఈ వ్యాధి చంటిబిడ్డలనుండి బడిపిల్లలవైపు జరుగుటకు ఇదియొక కారణము. గొంతులో బూడిదరంగు పొర కట్టి, మెడ వాచి, ఊపిరి ఆడక బాధపడు పిల్లలను హైదరాబాదు నల్లకుంటలోని ఫీవరు ఆసుపత్రికి తీసికొనివచ్చుట ఈ శతాబ్దమునందును ఆగలేదు. గొంతునొప్పికి కరక్కాయ బుగ్గన పెట్టుట, పసుపు పాలు త్రాగించుట మనమందరము ఎరిగిన చిట్కాలే, మామూలు గొంతునొప్పికి హాయినిచ్చును. కాని ఆ పొరపై వాటికి అధికారము లేదు. ఒక్కరోజు ఆలస్యమైనను ప్రాణమునకు ముప్పు.

తట్టు గూర్చియు ఒక మాట. "అమ్మవారు పోసినది, మందు వేయరాదు" అని వేపమండలు కట్టి కూర్చుండు ఆచారము ఇంకను పూర్తిగా పోలేదు. వేపాకు చల్లదనమునకు ఎవరును అడ్డుచెప్పరు. కాని తట్టు వచ్చిన బిడ్డ దేహము అంతకుముందు ఇతర రోగములపై సంపాదించుకొన్న రక్షణ జ్ఞాపకమును కూడ చాలవరకు పోగొట్టుకొనునని 2019లో వెలువడిన పరిశోధనలు తెలిపినవి. తట్టు తగ్గిన తరువాత నెలల తరబడి ఆ పిల్లవాడు ఏదో ఒక జబ్బుతో చిక్కిపోవుచుండుటను మన అవ్వలు చూచియే ఉన్నారు. కారణము ఇప్పుడు తెలిసినది. ఓజస్సును గూర్చి అంతగా మాటలాడు మనము, ఓజస్సును హరించు ఈ వ్యాధిని తేలికగా తీసికొనుట వింత.

కార్డును ఉంచుకొనుట ఒక యెత్తు, దానిని సరిగా వ్రాయించుకొనుట మరియొక యెత్తు. బిడ్డకు పేరు పెట్టునది ఇరువదియొకటవ రోజుననో, అంతకంటె తరువాతనో. కార్డు తెరచునది అంతకుముందే. కనుక అందులో "బేబీ ఆఫ్" అని తల్లి పేరు మాత్రము ఉండును. బారసాల అయిన తరువాత పోయి బిడ్డ పేరును చేర్పించువారు నూటికి ఎందరో చెప్పలేను గాని, చాల కొద్దిమంది. బడిలో చేర్చునాటికి జనన ధ్రువపత్రములో ఒక పేరు, ఆధారులో ఇంటిపేరుతో కలిసి మరొక పేరు, టీకాల కార్డులో ఏ పేరును లేదు. ఇద్దరు పిల్లలున్న ఇంట ఏ కార్డు ఏ బిడ్డదో తల్లికే సందేహము వచ్చును. పేరు, పుట్టిన తేదీ జనన పత్రములో ఉన్నట్లే ఇక్కడను వ్రాయించవలెను.

తేదీల చిక్కు విదేశములలో ఉన్న మన పిల్లలకు బాగుగా తెలిసివచ్చును. అమెరికాలో బడిలో చేరుటకు అన్ని రాష్ట్రములవారును టీకాల పత్రము అడుగుదురు. ఇక్కడినుండి తీసికొనిపోయిన కార్డులో 5-7 అని ఉన్నచో మనకు అది జులై 5. వారికి మే 7. మొదటి తట్టు టీకా ఏడాది నిండకముందే వేసినదానిని అచ్చట లెక్కకు తీసికొనరు. కనుక తేదీలో రెండు నెలల భేదము చిన్న విషయము కాదు. నెలను అంకెతో గాక అక్షరములతో వ్రాయమని నర్సమ్మను కోరుట మంచిది. ఆమె విసుగుకొనినను ఫరవాలేదు. బి.సి.జి. వేసిన సంగతియు అచ్చట అక్కరకు వచ్చును, ఏలననగా క్షయ పరీక్షకై చర్మముపై వేయు సూదికి బి.సి.జి. వేయించుకొన్నవారిలో కొందరికి వాపు వచ్చి, వ్యాధి ఉన్నట్లు భ్రమ కలుగవచ్చును. ఆ సమయమున రాత్రివేళ ఫోను చేసి, "అమ్మా, నా చిన్నప్పటి కార్డు అటకమీద వెదకుము" అనిన, డెబ్బది యేండ్ల తల్లి నిచ్చెన ఎక్కవలసినదే.

కొందరికి రెండు కార్డులు ఉండును. ప్రభుత్వ కార్డు ఒకటి, ప్రైవేటు ఆసుపత్రివారి రంగుల పుస్తకము ఒకటి. ఇందులో కొన్ని, అందులో కొన్ని. ఏదో ఒకదానిలో అన్నియు ఎక్కించుకొని, రెండవదానిని కూడ దాచియుంచవలెను. మందు పేరు, బ్యాచి సంఖ్య గల చీటీలను అంటించు అలవాటు రంగుల పుస్తకములలోనే ఎక్కువ. వాటిని పీకి పారవేయరాదు. టీకా తరువాత బిడ్డకు తీవ్రమైన దద్దురులు, ఊపిరాడకపోవుట, మూర్ఛ వంటివి వచ్చినచో (అవి మిక్కిలి అరుదు) అదియు కార్డుపై వ్రాయించవలెను. తరువాతి మోతాదు వేయవచ్చునా, వేయరాదా అని నిర్ణయించుటకు ఆ వాక్యమే ఆధారము. టీకా వేసిన తరువాత అరగంట అక్కడనే కూర్చుండుమనుట ఇందుకే.

స్వర్ణప్రాశన శిబిరములలో కొన్నిచోట్ల నెలనెలా పుష్యమి తేదీలు వ్రాసిన చీటీలు ఇచ్చుచున్నారు. వాటిని తల్లులు ఎంతో భద్రముగా దాచుకొనుట నాకు ఆశ్చర్యమును, కొంచెము ఖేదమును కలిగించుచున్నది. కొందరు దానినే టీకాల కార్డని తలచి బడిలో చూపుచున్నారట. ఆ చుక్కలను ఇచ్చు వైద్యులు అదే సమయమున టీకాల కార్డును కూడ అడిగి చూచి, మిగిలిన మోతాదులకు పంపినచో వారి గౌరవము పెరుగునే గాని తరుగదు. ఏడాది లోపు బిడ్డలకు తేనె నాకించుట ప్రమాదకరమని నేటి శిశువైద్యులు హెచ్చరించుచున్నారు. తేనెలో ఉండగల ఒక విధమైన బీజములు చంటిబిడ్డల ప్రేగులలో మొలకెత్తి కండరములను చచ్చుబరచును. ఈ హెచ్చరికను మన వైద్యులు కూడ ఆలోచింపవలెను.

గృహవైద్యము ఈ విషయములో చేయదగినదియు, చేయరానిదియు ఉన్నవి. తొడపై సూది వేసిన సాయంత్రము కొద్ది జ్వరము, ఆ చోట గట్టిదనము సహజము. తల్లిపాలు తరచుగా ఇచ్చుట, పలుచని బట్టలు వేయుట, చల్లని తడిగుడ్డను వాపుపై ఉంచుట చాలును. జ్వరమునకు వైద్యులు చెప్పిన మోతాదులో మందు వేయవచ్చును. ఆముదము రాచి మర్దించుట, సున్నము, పసుపు పట్టువేయుట, వేడి కాపడము పెట్టుట కూడదు. బి.సి.జి. వేసిన కొన్ని వారములకు అక్కడ చిన్న బుడిపె లేచి, చీముపట్టి, పగిలి, తనంతట తాను మచ్చగా మానును. దానిపై ఏ ఆకు పసరును పోయనక్కరలేదు, ఏ లేపనమును అద్దనక్కరలేదు. జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నంతమాత్రమున టీకాను వాయిదా వేయుట అనవసరము. వర్జ్యము, అమావాస్య చూచి వాయిదా వేయుట సంగతి చెప్పనేల. మన ఊళ్ళలో టీకాలు వేయునది చిరకాలముగా బుధ, శనివారములలో, వ్యాధికి వారముతో పనిలేదు.

ఒక మోతాదు తప్పినచో మొదటినుండి మరల వేయించవలెనను అపోహ కూడ బలముగా ఉన్నది. దానివలన, నర్సమ్మ కోపగించునను భయము వలన, పోవుటయే మానుకొనువారు ఉన్నారు. మొదటినుండి అక్కరలేదు, ఆగిన చోటనుండి కొనసాగించుటయే పద్ధతి. అందుకైనను ఆగిన చోటు ఏదో తెలియవలెను గదా!

2021లో కరోనా టీకా ధ్రువపత్రము లేనిదే విమానమెక్కనీయని దినములలో మనమందరము ఆ పత్రమును ఫోనులో పెట్టుకొని తిరిగితిమి. అట్టి పద్ధతిలోనే పిల్లల టీకాలకు యూ-విన్ అను వ్యవస్థను 2023లో కొన్ని జిల్లాలలో ప్రయోగాత్మకముగా ఆరంభించి, తరువాత దేశమంతట విస్తరించిరి. బిడ్డ వివరములు అందులో ఎక్కినవో లేదో, ఏ ఫోను సంఖ్యతో ఎక్కినవో టీకా వేయించిననాడే అడిగి తెలిసికొనవలెను. పుట్టింటివారి ఫోను సంఖ్యతో ఎక్కినచో ఆ సంగతి కార్డు అట్టపైననే వ్రాసియుంచవలెను. ప్రతి మోతాదు తరువాత కార్డు పుటలను ఫోటో తీసి భర్తకును, తల్లికిని పంపినచో ఒకరి ఫోను పోయినను మరొకరి వద్ద ఉండును. అంతమాత్రమున కాగితమును పారవేయవచ్చునని కాదు. పదునారవ ఏట చివరి మోతాదు వేయించునాటికి ఈ ఫోనులు ఎన్ని మారునో ఎవరికి తెలియును?

ఇప్పటికే కార్డు పోగొట్టుకొన్నవారు నిరాశపడనక్కరలేదు. టీకా వేసినపుడు కార్డులో సగము చించి ఆరోగ్య ఉపకేంద్రములో ఉంచుకొందురు. ఆ ప్రతులను నెలకొక జేబు చొప్పున కుట్టిన గుడ్డసంచిలో పెట్టుట ఏ.ఎన్.ఎం.ల పద్ధతి. అదిగాక రిజిస్టరు ఉన్నది, అంగన్‌వాడీ పుస్తకము ఉన్నది, ప్రసవమైన ఆసుపత్రి డిశ్చార్జి పత్రములో పుట్టిననాటి టీకాలు వ్రాసియుండును. బిడ్డ పుట్టిన ఊరికి పోయి, పుట్టిన తేదీయు తల్లి పేరును చెప్పి అడిగినచో, ఏండ్లు ఎక్కువ గడవనంతవరకు చాలభాగము దొరకును. ఆశా కార్యకర్త తోడువచ్చిన పని మరింత సులువు. ఏమియు దొరకనిచో "అన్నియు వేయించితిమి" అని సర్దిచెప్పక, కాగితము లేదని వైద్యునితో ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. బిడ్డ వయస్సునకు తగినట్లు ఏవి మరల వేయవలెనో ఆయన లెక్కవేసి కొత్త కార్డు వ్రాయించును. ముందే వేసియున్న టీకా మరియొకసారి పడినంతమాత్రమున సాధారణముగా హాని లేదు.